ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మగారికి

నాన్నకు 81 ఏళ్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్. ‘ఇక చాలురా’ అని ఆయనే అన్నా ఆపించడానికి మాకు నోరు రాలేదు. రోగికి చికిత్స వద్దనే హక్కుందని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పిందని డాక్టరుగారు వివరించారు. బుర్రకెక్కింది, మనసుకు ఎక్కలేదు.

ఆ రాత్రి మీరు ఒక్కటే అడిగారు: ‘నాన్నగారికి ఏమంటే ఇష్టం?’

కాఫీ అన్నాను. నెలల తరబడి నీళ్లు కూడా కొలిచి ఇచ్చినవాళ్లం మేము! మీరు మీ ఫ్లాస్కులోని కాఫీలో దూది ముంచి ఆయన పెదవులకు అద్దారు. నాన్న మెల్లగా చప్పరించి, ‘చక్కెర తక్కువైందమ్మా’ అన్నారు. మీరు నవ్వేశారు. నేను ఏడ్చేశాను.

పొద్దున, డయాలసిస్ ఇక వద్దన్న కాగితం మీద నాన్న సంతకం పక్కనే నేనూ సంతకం పెట్టాను.

కృతజ్ఞతలమ్మా. కంగారులో మీ పేరు అడగలేదు. మీ ఫ్లాస్కు మూత మా సంచిలోనే వచ్చేసింది.