అమీన్‌పూర్ చెరువు గట్టు మీద ఒక చలి పొద్దు

తల్లిదండ్రులకు నమస్కారం.

డిసెంబర్ మూడో శనివారం పొద్దున ఆరున్నరకల్లా మన ఏడో తరగతి పిల్లలు స్వెట్టర్లు, మంకీ క్యాపులతో బడి గేటు దగ్గరికి వచ్చేశారు. ఇంత చలిలో పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం ఎందుకని ముందురోజు కొందరు ఫోన్ చేశారు. పటాన్‌చెరు వైపు చలి ఎలా ఉంటుందో తెలిసిన వాళ్లం కాబట్టి ఆ టెన్షన్ నాకు అర్థమైంది. కానీ పిట్టల్ని చూడాలంటే ఇదే కాలం, ఇదే వేళ. వలస బాతులు మన చెరువుల్లో ఉండేది చలికాలంలోనే.

అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. హైదరాబాద్ లాంటి నగరం పక్కన ఉన్న ఒక చెరువుకు ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. మన పిల్లల్లో చాలామంది రోజూ ఆ పక్కనుంచే బస్సులో వస్తారు. గట్టెక్కి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

పిల్లలకు ఒకే మాట చెప్పాను. ఒక్క పిట్టను ఎంచుకుని పది నిమిషాలు దాన్నే చూడండి, పేరు సంగతి తర్వాత చూద్దాం అని.

కరెంటు తీగ మీద మట్టిరంగు పిట్ట ఒకటి ఈకలు ఉబ్బించుకుని, మెడ లోపలికి లాక్కుని బంతిలా కూర్చుంది. ఈకల మధ్య గాలి నిలిచి, బొంతలా ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. పిల్లలకు అది అంత నచ్చలేదు. కొంచెంసేపటికి అది గబుక్కున కిందికి వాలింది. రెక్కలు విప్పగానే నీలం కనిపించింది. "టీచర్, పాలపిట్ట!" అని ముగ్గురు ఒకేసారి అరిచారు. దసరా నాడు జమ్మి పూజ తర్వాత చూడాలని మనం వెతికే పిట్ట అదే. గడ్డిలోంచి మిడతను పట్టుకొచ్చి, తీగకేసి రెండుసార్లు కొట్టి మింగేసింది. రెక్కలు ముడుచుకోగానే మళ్లీ మట్టిరంగే.

నీళ్లలో షోవెలర్ బాతులు ఇరవై దాకా ఉన్నాయి. వీటి ముక్కు చివర చెంచాలా వెడల్పుగా ఉంటుంది. ఎక్కడో ఉత్తరాన మంచుదేశాల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి ఇటు వస్తాయి. అన్నీ ముక్కులు నీళ్లలో పెట్టి, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతున్నాయి. అలా తిరిగితే నీళ్లు కదిలి, అడుగునున్న చిన్నచిన్న పురుగులు, గింజలు పైకి తేలతాయి. ముందున్న బాతు కాళ్లతో లేపింది వెనక బాతుకు అందుతుంది. "బతుకమ్మ ఆడుతున్నట్టే ఉంది కదా టీచర్" అని ఒక పాప అంది. నేనైతే అంత బాగా చెప్పలేకపోయేదాన్ని.

కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడిందనే ప్రశ్న కూడా వచ్చింది. కాళ్లకు ఈకలుండవు, వేడి అక్కడినుంచే ఎక్కువ పోతుంది. అందుకే ఒక కాలు పొట్ట ఈకల్లో దాచుకుంటుంది.

ఇప్పుడు ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. పోయిన సంక్రాంతి సెలవుల తర్వాత బడి తెరిచిన రోజు, మన గ్రౌండ్ వేపచెట్టుకు ఒక తెల్లకొంగ వేలాడుతూ కనిపించింది. పతంగులకు కట్టే మాంజా దారం రెక్కను ఎముకదాకా కోసేసింది. మన వాచ్‌మన్ నిచ్చెన వేసుకుని దించేసరికే ప్రాణం పోయింది. ఆ రోజు చిన్న పిల్లలు అడిగినవాటికి నా దగ్గర జవాబు లేదు. నైలాన్ మాంజాను పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది. అయినా అమ్ముతున్నారు, మనం కొంటున్నాం. నూలు దారం కొన్నాళ్లకు చివికిపోతుంది. నైలాన్ అలా కాదు, ఏళ్ల తరబడి కొమ్మల్లోనే ఉంటుంది.

దయచేసి ఇంట్లో నైలాన్ మాంజా ఉంటే ఇప్పుడే తీసేయండి. మామూలు నూలు దారంతోనే పతంగులు ఎగరేయనివ్వండి. తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ మాత్రం వద్దు. కొంగలు గూటినుంచి మేతకు వెళ్లేదీ, తిరిగొచ్చేదీ అప్పుడే. పండగ అయ్యాక డాబా మీద, చెట్ల మీద మిగిలిన దారం ఏరి, ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వేయండి. ఈ పని పిల్లలకే అప్పగించండి, ఇష్టంగా చేస్తారు.

ఫిబ్రవరి రెండో శనివారం మళ్లీ చెరువుకు వెళ్తున్నాం, ఈసారి ఆరో తరగతితో. తోడుగా నలుగురు పెద్దవాళ్లు కావాలి. బైనాక్యులర్స్ ఉన్నవాళ్లు తెస్తే పిల్లలు వంతులవారీగా చూస్తారు. ఎండాకాలం వస్తే షోవెలర్లు వెళ్లిపోతాయి. అందుకే ఏడో తరగతివాళ్లు వాటి లెక్క రాయడానికి గోడకు ఒక చార్టు అంటించారు. మొదటి గడిలో 20 అని రాసి ఉంది.

మీ
ప్రధానోపాధ్యాయురాలు