మొద్దు మీది గుర్తే సాక్ష్యం

సంపాదకులకు,

నిలువు చెట్లు అమ్మేవారు ధర కుదిరితే చాలనుకుంటారు. తగాదా మొదలయ్యేది ఆ తర్వాతే. అమ్మే ప్రతి చెట్టుకూ రెండు చోట్ల రంగు వేయాలి: ఛాతీ ఎత్తులో ఒకటి, కోత పడే చోటికి దిగువన, నేలకు ఆనుకుని మరొకటి. పైగుర్తు దుంగతోపాటే లారీ ఎక్కిపోతుంది, నరికాక నేలలో ఉండిపోయే మొద్దు మీదిదే మిగులుతుంది. గుర్తులేని మొద్దు కనబడితే కొన్నవారు ఎంత కట్టాలో ఒప్పందంలోనే రాయించాలి. 1.3 మీటర్ల ఎత్తున కొలిచిన చుట్టుకొలతల పట్టికనూ జతచేయాలి.

చెట్లన్నీ కలిపి ఒకే ధరకు గుత్తకిస్తే సొమ్మంతా గొడ్డలి పడకముందే చేతికి రావాలి. కలప ఘనపరిమాణం లెక్కన అమ్మితే కొలత ఎక్కడ, ఎవరి ఎదుట, బెరడుతోనా, బెరడు తీసా? చాలా పత్రాల్లో ఈ చివరి ముక్కే ఉండదు. నరికే అనుమతి, కూలీల బీమా ఎవరి బాధ్యతో రాయాలి. నరికే గడువు తేదీ, అది దాటాక మిగిలిన చెట్లు ఎవరివో లేకపోతే, కొన్నవారు రేటు పెరిగేదాకా వాటిని అలాగే నిలబెట్టేస్తారు. కొన్నవారు ముందు కట్టిన ధరావతు మాత్రం వారు దారి, కంచె సరిచేశాకే తిరిగివ్వాలి.

– ఒక పాఠకుడు