చిట్టి తలంటు సంగతి

ఒసేయ్ రమీ,

లేటయింది, తెలుసు, నీ మెయిల్ వచ్చి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టి మరీ తిట్టుకుని ఉంటావు, కానీ తిట్లు అయ్యాక ఇది చదువు. ఇక్కడ అందరం బానే ఉన్నాం, ఆయన ఆఫీస్ మారారు, బుడ్డోడికి ముందు పళ్లు ఊడాయి, నాన్నకి షుగర్ కంట్రోల్‌లోనే ఉంది, పనమ్మాయి మానేసింది మళ్లీ వచ్చింది. అయిపోయాయ్ వార్తలు.

ఇప్పుడు అసలు సంగతి. చిట్టి పెళ్లికి రాలేదు కదా నువ్వు. వీసా అన్నావ్, సరే, ఆ నీలం మగ్గు మీద ఒట్టేసి చెప్తే నమ్ముతా. ఫోటోలన్నీ చూసేశావ్, లైకులు కొట్టేశావ్, కానీ ఫోటోల్లో లేని ముక్క ఒకటుంది, పెళ్లికూతుర్ని చేసిన రోజు పొద్దున తెనాల్లో మా అమ్మమ్మగారింటి పెరట్లో జరిగింది. అది ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు, ఇంట్లో చెప్తే "జుట్టు గురించి ఇంత కథేంటి" అంటారు, ఉంగరాల జుట్టు ఉన్నదానివి నువ్వే కదా, అందుకని నీకు.

చిట్టి జుట్టు నీకు తెలుసుగా, మన ఇద్దరి జుట్టూ కలిపి ఒకే తల మీద పెడితే ఎలా ఉంటుందో అలా. చిన్నప్పటి నుంచి స్కూల్లో సాయిబాబా సాయిబాబా అని ఏడిపించారు, పిన్ని నూనె పామి రెండు జడలు బిగించి పంపేది. ఈమధ్య అనుపమా పరమేశ్వరన్ పుణ్యమా అని "అబ్బ, అనుపమ జుట్టు" అంటున్నారు గానీ అది కాలేజీ వరకే, పెళ్లి అనేసరికి మళ్లీ మొదటికొచ్చింది. పార్లర్ ఆవిడ ట్రయల్‌కి వచ్చి జుట్టు రెండు వేళ్లతో ఎత్తి చూసి, "స్మూతెనింగ్ చేయించేయండి మేడం, లేకపోతే ఫోటోల్లో బాగోదు" అందంట. పిన్ని అడ్వాన్స్ కూడా ఇచ్చేసింది. చిట్టి రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఏడుపు.

నాకు వెంటనే నువ్వు గుర్తొచ్చావే. ఫైనలియర్‌లో జుట్టు తిన్నగా చేస్తారని ఆ కెరటిన్ ట్రీట్‌మెంట్ చేయించుకొచ్చి రూమ్‌లో అడుగుపెడితే మన జువాలజీ ల్యాబ్‌లో కప్పల సీసా మూత తీసినట్టు వాసన, కళ్లు మండిపోయాయి ఇద్దరికీ, గుర్తుందా? అది ఉత్త పోలిక కాదు తల్లీ. ఆ సీసాలో ఉండేది ఫార్మలిన్, అంటే నీళ్లల్లో కలిపిన ఫార్మాల్డిహైడ్, ఆ రకం ట్రీట్‌మెంట్లలో చాలావాటిలో ఉండేదీ అదే, ఐరన్ పెట్టిన వేడికి ఆవిరై గదంతా కమ్ముకుంటుంది. మీ అమెరికాలోనే పనిచేసే చోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, ఓషా వాళ్లు 2011లో హెచ్చరిక ఇచ్చారు, డబ్బా మీద 'ఫార్మాల్డిహైడ్ లేదు' అని రాసున్నవాటిలో కూడా దొరికిందని. మనకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలా. తర్వాత నెలలకి దువ్వెన నిండా జుట్టు, నువ్వు బాత్రూమ్‌లో కుళాయి విప్పుకుని ఏడవటం, బయట నేను "నీళ్లు అయిపోతాయే" అని అరవటం... సరే వదిలేయ్. చిట్టికి ఒకటే చెప్పా, ఆ మెషిన్ నీ తల మీదకి రాకూడదు, నేను ఒకరోజు ముందే వస్తున్నా అని.

వచ్చా. అవిసె గింజలు, పళ్లు దూరంగా ఉన్న దువ్వెన, పెద్ద బాటిల్ కండిషనర్, మా ఆయన పాత కాటన్ టీషర్టు. ఆ టీషర్టు ఎందుకని మా ఆయన అడిగాడు, పెళ్లికి కట్నం అని చెప్పా.

రాత్రి అవిసె గింజలు కాచా. పావు కప్పు గింజలకి రెండు కప్పుల నీళ్లు, సన్న సెగ మీద కలుపుతూ ఉండాలి, ఒక ఏడెనిమిది నిమిషాలకి నీళ్లు చిక్కబడి గరిట ఎత్తితే తెగకుండా తీగ సాగుద్ది, అప్పుడే దించేయాలి, వేడి మీదే వడకట్టాలి. చల్లారనిచ్చావా ఇంక అది గుడ్డలోంచి దిగదు, పిండీ పిండీ చేతులు పడిపోవాల్సిందే. నేను తాతయ్య పాత పంచె ముక్కలో పోసి పిండుతుంటే జిగురు మోచేతుల దాకా కారుతోంది, మావయ్య కాఫీ కోసం వచ్చి ఆ గిన్నెలోకి చూసి ఏం మాట్లాడకుండా వెనక్కి వెళ్లిపోయాడు. పొద్దున టిఫిన్ కూడా చేయలేదంట.

ఇంక పొద్దున్న. గడప దగ్గర పీట వేశారు, ముత్తైదువలందరూ వరసగా తలకి నూనె అంటుతున్నారు. అమ్మమ్మ నువ్వుల నూనె గిన్నె పట్టుకుంది, నేను కొబ్బరి నూనె గిన్నె పట్టుకున్నా. ఇద్దరం ఎదురెదురు. నాకేమో 2003లో వచ్చిన ఆ పరిశోధన బుర్రలో తిరుగుతోంది, కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పెట్టి చూస్తే తలంటుకి ముందు రాసినా తర్వాత రాసినా వెంట్రుకలోంచి ప్రోటీన్ పోకుండా ఆపింది కొబ్బరి నూనె ఒక్కటే అని. అది లోపలికి ఇంకుద్ది, మిగతావి పైనే ఉండిపోతాయి. ఈ సంగతి అమ్మమ్మకి చెప్తే "శాస్త్రం నువ్వుల నూనేనే" అంది. నేనూ శాస్త్రమే చెప్తున్నా కదే అన్నా. చివరికి మాడు మీద నువ్వుల నూనె చుక్కలు, కింద జుట్టంతా కొబ్బరి నూనె. సంధి.

అంతలో మా పెద్దత్తయ్య నలుగు పెడుతూ పెడుతూ సున్నిపిండి చేత్తోనే చిట్టి తల మీదకి వెళ్తోంది. నేను పెట్టిన కేకకి సన్నాయి మేళం వాళ్లు ఆగిపోయారు రమీ, ఒట్టు. పెసరపిండి ఆ ఉంగరాల్లో దూరితే పెళ్లి పీటల మీద కూడా రాలుతూనే ఉండేది. అత్తయ్య ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడట్లేదు.

తర్వాత తలంటు. నేను సల్ఫేట్ లేని షాంపూ తీశా, అమ్మమ్మ కుంకుడుకాయల రసం తీసింది. నాకు భయం వేసింది, ఎందుకంటే మన జుట్టు అసలే ఎండు, మాడు మీద ఊరే జిడ్డు తిన్నటి జుట్టుకైతే జారుకుంటూ కొసల దాకా దిగుద్ది, మనకేమో ఒక్కో మెలిక దగ్గర ఆగిపోద్ది, కొసలకి ఎప్పటికీ చేరదు, దాని మీద కుంకుడు రసం పోస్తే ఉన్న కాస్తా పోద్ది అని నా బాధ. అదే అన్నా. అమ్మమ్మ నవ్వి గిన్నె నా ముందుకి జరిపింది. చెయ్యి పెట్టి చూడు అంది.

చూశా. జిగురు! రాత్రి నేను కాచానే, అచ్చం అదే జిగురు. కాయలు పగలగొట్టి గింజలు తీసేసి వేడి గంజిలో నానబెట్టిందంట, పొద్దున్నే గుప్పెడు మందారాకులు వేసి పిసికిందంట. "ఉట్టి కుంకుడు ఎవరు పోస్తారే తలకి, జుట్టు కొబ్బరి పీచైపోదూ" అంది. మనం హాస్టల్లో డబ్బులు పోసి కొనుక్కున్న 'స్లిప్', అదే, చిక్కులు జారి ఊడొచ్చేలా చేసే ఆ జారుడు అన్నమాట, పెరట్లో మందార చెట్టుకి వేలాడుతోంది ఇన్నాళ్లూ. నాకు కోపం కూడా వచ్చింది కొంచెం, ఇంత తెలిసినావిడ మన చిన్నప్పుడు మా అమ్మకి ఎందుకు చెప్పలేదని. అడిగా. "మీ అమ్మ నన్ను అడిగిందా, టీవీలో చూసి పాకెట్లు కొనేది" అంది. ఏం మాట్లాడతాం.

నీళ్లు మాత్రం నా పట్టుదలే. బోరు నీళ్లు వద్దన్నా, కుళాయి నీళ్లు కాగులో పట్టించి ఉంచా. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు టెస్ట్ చేయిస్తే హార్డ్‌నెస్ లీటరుకి 600 మిల్లీగ్రాములు దాటింది, తాగే నీళ్లకి 200 లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు పర్లేదంటారు, మాది దాని మీద కూడా ఎక్కింది. ఆ కాల్షియం, మెగ్నీషియం జుట్టుకి పట్టుకుని ఎన్ని కండిషనర్లు రాసినా గరగరలాడుద్ది. నేనిప్పుడు తలంటుకి నల్లా నీళ్లే దాచుకుంటున్నా.

సరే, కుంకుడు రసం మాడుకి మాత్రమే వేళ్లతో రుద్దాం, కింద జుట్టుకి కారే నురగే చాలు. కళ్లు మండి చిట్టి కేకలు, అది ఎక్కడికి పోద్ది. కడిగేశాక కండిషనర్, ఎంతంటే పిన్ని "బాటిల్ మొత్తమా?" అని నోరు తెరిచేంత. జుట్టు నాలుగు పాయలు చేసి, తడిలోనే, కండిషనర్‌లోనే, ముందు వేళ్లతో చిక్కు తీశా, కొసల నుంచి మొదలుపెట్టి పైకి. పెద్దమ్మ పక్కన చిక్కుదువ్వెన పట్టుకుని రెడీగా నిలబడింది, దగ్గరకి రానివ్వలేదు. తర్వాత చెంబుడు నీళ్లు కొంచెం కొంచెం పోస్తూ గుప్పిట్లో జుట్టు పట్టి పైకి నొక్కుతుంటే పచక్ పచక్ అని శబ్దం వస్తుంది చూడు, ఆ శబ్దం వచ్చిందంటే నీళ్లు లోపలికి పోతున్నట్టే. పెరట్లో అందరూ నిశ్శబ్దంగా ఆ పచక్ పచక్ వింటున్నారు. మా తమ్ముడు "దోసెల పిండి రుబ్బుతున్నారా" అనేశాడు లోపల్నుంచి.

కండిషనర్ కొంచెం ఉండగానే ఆపేశా, నీళ్లు కారుతుండగానే అవిసె జిగురు పట్టించా, టవల్ ముట్టుకోనివ్వకుండా టీషర్టుతో నొక్కా. ఇక్కడ నుంచి అసలు కష్టం. ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. తడిసినప్పుడు వెంట్రుక లోపల చిన్న చిన్న బంధాలు ఊడతాయి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ ముడిపడతాయి, మధ్యలో కదిపితే పీచే. ఇది చుట్టాలకి చెప్పి చూడు! వచ్చిన ప్రతివాళ్లూ ఆశీర్వాదం అని తల మీద చెయ్యి పెట్టబోవటం, నేను మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి "భుజం మీద, భుజం మీద" అనటం. ఒక తాతగారు అక్షింతలు వేసేశారు. తీయలేదు, ఆరాక తీద్దాంలే అనుకున్నా.

మధ్యాహ్నానికి ఆరింది. చిట్టి అద్దంలో చూసుకుని, "అక్కా, నడుం దాకా ఉన్న జుట్టు భుజాల మీదకొచ్చేసింది, పైగా అప్పడంలా గట్టిగా ఉంది" అని పెదవి వణికింది. పొట్టిగా కనపడటం మామూలే, మెలిక తిరిగితే ఎక్కడికి పోద్ది పొడుగు. గట్టిదనం జిగురుది. రెండు చుక్కలు నూనె అరచేతుల్లో రాసుకుని గుప్పిట్లతో మెల్లగా నలిపా. కరకర, కరకర, ఆ పొర విరిగింది రమీ, లోపల్నుంచి ఒక్కో ఉంగరం ఊగుతూ వేలాడింది, నల్లగా, మెరుస్తూ, ఇది ఈ పిల్ల తల మీదే ఉందా ఇన్నాళ్లూ అనిపించేలా. పిన్ని ఏం అనలేదు. లోపలికి వెళ్లి పార్లర్ ఆవిడకి ఫోన్ చేసింది, స్మూతెనింగ్ వద్దు, మేకప్ చాలు అని. అడ్వాన్స్ తిరిగివ్వరంట, అది వేరే సంగతి.

నేను గొప్పగా "ఇది 3బి అంటారమ్మమ్మా, అమెరికా టీవీలో ఓప్రా విన్‌ఫ్రే ఉందే, ఆవిడ స్టైలిస్ట్ ఆండ్రే వాకర్ అని ఒకాయన మెలికల్ని బట్టి జుట్టుకి నంబర్లు పెట్టాడు" అంటే "3బి ఏంటే, గుంటూరు బస్సా?" అంది. అప్పట్నుంచి ఇంట్లో చిట్టి పేరు గుంటూరు బస్సు.

మర్నాడు పార్లర్ ఆవిడ వచ్చింది, ముఖం మాడ్చుకునే. ముహూర్తానికి పూలజడ వేయాల్సిందే కాబట్టి మెడ వెనక మెత్తగా అల్లి సవరం కట్టి వేసింది, మంచి చెయ్యే ఆవిడది, అన్యాయంగా చెప్పకూడదు. వేస్తూ వేస్తూ వంగినప్పుడు చూశా, ఆవిడ పాపిట దగ్గర. కొసలన్నీ గీత గీసినట్టు తిన్నగా, మొదట్లో బొటనవేలంత పొడుగున మెలికలే మెలికలు. నేను చూడటం ఆవిడ చూసింది. ఏం అనలా. అందరూ బయటకి వెళ్లాక పిన్నులు సర్దుకుంటూ మెల్లగా, "మేడం, ఆ గింజలు ఎంతసేపు కాచాలి?" అంది. నాకు ఎందుకో గొంతు పట్టేసింది. మిగిలిన జిగురు సీసాలో పోసిచ్చా, ఫ్రిజ్‌లో పెట్టుకోండి, వారం దాటనివ్వకండి, వాసన వస్తే పారేయండి అని చెప్పా.

రిసెప్షన్‌కి జుట్టు వదిలేసింది చిట్టి, ఒక్క మూర మల్లెపూలు. వాళ్ల అత్తగారి తరఫు ఒకావిడ వచ్చి "అమ్మాయికి తల దువ్వలేదేంటి?" అంది. చిట్టి నవ్వుతూ, "దువ్విందేనండీ, తడిగా ఉన్నప్పుడు దువ్వాం" అంది. నేను స్టేజి వెనక చప్పట్లు కొట్టా, ఫోటోలో నా చేతులు మాత్రం పడ్డాయి చూడు, ఎడమవైపు.

ఇదంతా ఎందుకు ఇంత వివరంగా రాశానంటే, పాప జుట్టు నీదే వచ్చింది, పొద్దున్నే దువ్వేటప్పుడు యుద్ధం అన్నావ్ కదా. పొడి జుట్టు దువ్వకే. ఎప్పుడూ. తలంటు రోజే తడిలో దువ్వు, మిగతా రోజులు స్ప్రే సీసాలో నీళ్లు కొట్టి వేళ్లతో సర్దు చాలు. రాత్రి దిండు గలీబు కాటన్ తీసేసి పట్టుది వెయ్, మీ అమ్మ ఇచ్చిన ఆ వంకాయ రంగు బ్లౌజు పీసు ఉందిగా, అది ఎలాగూ ఈ జన్మకి కుట్టించవు. స్కూల్లో ఎవరైనా ఏదన్నా అంటే మాత్రం నాకు చెప్పు, మన రెండో శనివారం మంత్రం నేర్పిస్తా దానికి.

ఇంకా అత్తయ్య గొడవ పూర్తిగా చెప్పలేదు, సన్నాయి ఆయన ఏమన్నాడో అదీ చెప్పలేదు, అది చాలా... అయ్యో నల్లా వచ్చింది, కింద నుంచి వాచ్‌మన్ అరుస్తున్నాడు, డ్రమ్ములు పట్టుకోకపోతే మళ్లీ ఎల్లుండే, రేపు నా తలంటు, ఉంటానే