వేట విరామంలో బోటును ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు,

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజులపాటు అమలయ్యే వేట నిషేధం గురించి పత్రికల్లో వచ్చే వార్తల్లో మత్స్యకారులకు అందే భృతి గురించి ఉంటుంది, మార్కెట్లో చేపల ధర గురించి ఉంటుంది. రెండూ రాయవలసినవే. ఆ రెండు నెలలూ జెట్టీకి కట్టిపడేసిన బోటు గతి ఏమిటన్నది మాత్రం ఎక్కడా కనిపించదు. ముప్పై ఏళ్లుగా బోటు ఇంజన్లు విప్పి బిగిస్తున్నవాడిగా ఆ సంగతి రాయాలనిపించింది.

బోటు వేట నుంచి ఎలా వచ్చిందో అలాగే తాళ్లు కట్టేసి బోటు నడిపే సరంగు, పనిచేసే కలాసీలు ఊళ్లకు వెళ్లిపోవడం, జూన్ మొదటి వారంలో అందరికీ ఒక్కసారే బోటు గుర్తుకు రావడం మా రేవులో ఆనవాయితీ. కొన్నేళ్ల క్రితం ఒక బోటు నిషేధం ముగిసిన రాత్రే బయలుదేరి, తెల్లవారేసరికి ఇంజను వేడెక్కి నడిసముద్రంలో నిలిచిపోయింది. మరో బోటు తన వేట మానుకొని దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చింది. ఇంజనును చల్లబరచడానికి సముద్రపు నీటిని తోడే పంపును నేను విప్పి చూస్తే, లోపలి రబ్బరు చక్రానికి ఆరు రెక్కల్లో రెండే మిగిలాయి. రెండు నెలలు ఒకే వంపులో ఉండి బిగుసుకుపోయిన రెక్కలు ఇంజను తిరగగానే తునిగి, అసలే ఉప్పు పేరుకొని ఉన్న కూలరు గొట్టాలకు అడ్డంపడ్డాయి. ఆ చక్రాన్ని ఏప్రిల్‌లోనే ఊడదీసి ఒక డబ్బాలో దాచడానికి పావుగంట చాలు.

నిజానికి ఇంజను పని నిషేధం మొదలైన వారంలోనే అయిపోవాలి. మంచినీటిని పంపు ద్వారా కాసేపు తిప్పి ఉప్పంతా కడిగి, ఆ తర్వాత అడుగు మరలు విప్పి ఆ నీటిని కూడా పూర్తిగా వదిలేయాలి. ఇంజను వేడి మీద ఉండగానే పాత ఆయిల్ దించి కొత్తది పోసి, కొద్దిసేపు నడిపి ఆపాలి. ‘వేటకు వెళ్లేముందు మారుద్దాంలే, ఇప్పుడు పోస్తే దండగ’ అనే యజమానులే ఎక్కువ. నల్లబడిన ఆయిల్‌లో చేరిన నీరు, ఆమ్లం ఆ రెండు నెలలూ బేరింగులను తింటూనే ఉంటాయని వారికి నచ్చజెప్పడం నా వల్ల కాలేదు. చలిదేశాల్లో నీరు గడ్డకట్టి ఇంజను దిమ్మ పగులుతుందన్న భయంతో శీతకాలానికి ముందే చివరి బొట్టు వరకు తీసేస్తారు. మనకు ఆ భయం లేదు కాబట్టి ఉప్పునీటిని అలాగే వదిలేస్తాం, కానీ తుప్పు పని వేడిలోనే చురుగ్గా సాగుతుంది.

చెక్క బోటుకు మే నెల ఎండ మరో గండం. ఒడ్డెక్కించి వదిలేస్తే పలకలు ఎండి ముడుచుకుపోయి, సందుల్లో కుక్కిన నూలు వదులై, నీళ్లలోకి దించగానే జల్లెడలా కారుతుంది. తడికలు కప్పి పొద్దునా సాయంత్రం సముద్రపు నీళ్లు చల్లే పాత అలవాటును ఇప్పుడు చాదస్తమంటున్నారు, నేనైతే అనను. లోపల వాననీరు నిలవనివ్వకూడదు, ఎందుకంటే చెక్క ఉప్పునీటికంటే మంచినీటికే తొందరగా కుళ్లుతుంది. అడుగున పట్టిన గుల్లలను బోటు నీళ్లలోంచి పైకి వచ్చిన రోజే, తడి ఆరకముందే గీకేయాలి, ఆరితే రాయిలా పట్టుకుంటాయి. బోటును ముందుకు తోసే పంకాకు, చుక్కానికి తుప్పు పట్టకుండా తాను కరిగిపోవడానికే బిగించే జింకు దిమ్మకు కూడా అందంగా రంగు పూసేసే పెయింటర్లను చూస్తుంటాను. రంగు పడిన జింకు ఉన్నా లేనట్టే.

యజమానులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. బోటును మరమ్మతుకు ఒడ్డుకు లాగే వాలు దారులైన స్లిప్‌వేలు ఉన్నవే ఒకటి రెండు, వాటి మీద వంతు దొరకాలంటే వారాలు ఆగాలి. చివరి పది రోజుల్లో తోపులాట పెరిగి, ముందు రోజు వేసిన రంగు ఆరకుండానే బోట్లను నీళ్లలోకి తోసేస్తున్నారు. మార్చిలోనే బోటు నంబర్ల వారీగా స్లిప్‌వే తేదీలు నిర్ణయించి జెట్టీ మీద బోర్డు పెడితే, కలాసీలు ఊళ్లకు వెళ్లకముందే పని సగం పూర్తవుతుంది.

కట్టిన బోట్లకు కాపలా సంగతి మరొకటి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపల రేవులో మంటలు ఒక బోటు నుంచి మరోదానికి పాకి సుమారు 40 బోట్లు కాలిపోయాయి. నిషేధంలో బోట్లు అంతకంటే దగ్గరగా ఒరుసుకొని ఉంటాయి, పైగా పక్కనే వెల్డింగు జరుగుతుంటుంది. అందుకే గ్యాసు సిలిండర్లు మొదటి రోజే దించేయాలి. 2010లో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది మే నెలలోనే, అంటే నిషేధం మధ్యలోనే. కాబట్టి తాళ్లు రెండేసి కట్టి, ఒరుసుకునే చోట పాత గోనె చుట్టడం కూడా మరువరాదు.

రేవుల నిర్వాహకులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. జెట్టీ మీద ఇంజన్లు కడుక్కోవడానికి ఒక మంచినీటి కొళాయి, దించిన ఆయిల్ సముద్రంలో పారబోయకుండా పోయడానికి మూత ఉన్న నాలుగు డ్రమ్ములు ఏప్రిల్ 15 నాటికి ఏర్పాటు చేయించాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక బోటు మెకానిక్,
కోస్తా ఆంధ్ర