గసగసాల పొట్లం పెట్టెలో పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఒక చిట్కా వచ్చింది. గసగసాలు నూరి కలిపిన పాలు రాత్రి పడుకునే ముందు తాగితే కడుపు చల్లబడుతుందని, కునుకు కూడా పడుతుందని అందులో రాశారు. మంగళవారం నాటికి ఆ చిట్కా నా మేనల్లుడి సూట్‌కేసులోకి చేరింది. వాడు వచ్చే వారం షార్జాకు ఉద్యోగం మీద వెళ్తున్నాడు. పోయినసారి అక్కడ కడుపుబ్బరంతో, నిద్రలేమితో నానా అవస్థా పడ్డాడు కాబట్టి మా అక్కయ్య పావు కిలో గసగసాలు దోరగా వేయించి, పొడి కొట్టి, పచ్చళ్ల డబ్బాల మధ్య భద్రంగా సర్దింది. నేను చూసి తీయించాను. షార్జా ఉన్న యూఏఈలోనూ, సౌదీ అరేబియాలోనూ గసగసాలు నిషిద్ధ వస్తువు. మనకు అవి కుర్మాకు చిక్కదనాన్నిచ్చే దినుసు కావచ్చు కానీ, అక్కడి చట్టం దృష్టిలో అవి నల్లమందు మొక్క గింజలు. విమానాశ్రయంలో పెట్టె తెరిచే అధికారికి అమ్మ ప్రేమ గురించి చెప్పుకునే వీలుండదు.

నేను వైద్యుణ్ణి కాను. సౌదీలోని దమ్మామ్‌లో ఒక నిర్మాణ సంస్థలో 19 ఏళ్లు స్టోర్‌కీపర్‌గా పనిచేసి, ఇప్పుడు తార్నాకలో విశ్రాంత జీవితం గడుపుతున్నవాణ్ణి. అక్కడున్న కాలంలో 11 ఏళ్లు రోజూ ఒక గ్యాస్ మాత్ర మింగాను, చాలా ఏళ్లు నిద్రలేకుండా గడిపాను. ఇవి రెండు వేర్వేరు జబ్బులని నమ్మి, సెలవుకు వచ్చినప్పుడల్లా ఒకదానికి ఒక వైద్యుడి దగ్గరకు, రెండోదానికి ఇంకొకరి దగ్గరకు తిరిగాను. రెండింటికీ మూలం ఒకటేనని, అది నేను తిన్న తిండిలో కన్నా తిన్న వేళల్లోనే ఎక్కువగా ఉందని తెలిసేసరికి నా ఉద్యోగం చివరికొచ్చింది. మన పత్రికల్లో వచ్చే ఆరోగ్య సలహాలన్నీ సొంత ఇంట్లో, సొంత మంచం మీద పడుకునేవారిని మనసులో పెట్టుకుని రాసినవి. దేశం దాటి వెళ్లినవారు కూడా వాటిని చదివి ఆచరిస్తున్నారన్న సంగతి రాసేవారికి గుర్తుండటం లేదన్నదే నా ఫిర్యాదు.

మన శరీరంలో గడియారం ఒక్కటే కాదు. మెదడులోది వెలుతురును చూసి నడిస్తే, జీర్ణకోశం, కాలేయం తమ గడియారాలను చాలావరకు మనం తినే వేళను బట్టి సరిచేసుకుంటాయి. ఈ గడియారాలు కణంలో ఎలా పనిచేస్తాయో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఇంట్లో ఉన్నంతకాలం ఈ రెండూ కలిసి నడుస్తాయి కాబట్టి అవి ఉన్నాయన్న స్పృహే మనకు కలగదు. దేశం మారితే కలగక తప్పదు.

మా కార్మికుల క్యాంపు సంగతే చెబుతాను. సౌదీలో ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించరాదన్న నిబంధన ఉంది. యూఏఈలో అవే తేదీల్లో 12.30 నుంచి 3 వరకు ఉంటుంది. అది ప్రాణాలు కాపాడే నిబంధన, దానిని నేను తప్పుపట్టడం లేదు. అయితే ఆ మూడు గంటలను పూడ్చడానికి మా సైటులో పని తెల్లవారుజామున 5 గంటలకే మొదలయ్యేది. 4 గంటలకు బస్సు, కాబట్టి 3 గంటలకే లేవాలి. సాయంత్రం తిరిగివచ్చాక స్నానానికి వరస, స్టవ్‌కు వరస. ఈలోగా ఇంటికి ఫోన్ చేయాలి, ఎందుకంటే హైదరాబాద్ సమయం మాకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది, మేము 8 గంటలకు చేస్తే ఇక్కడ పదిన్నర, పిల్లలు అప్పటికే జోగుతుంటారు. ఫోన్ పెట్టేసి, వండుకుని, కంచం ముందు కూర్చునేసరికి రాత్రి 10 అయ్యేది. పగలంతా సరిగ్గా తినని ఆకలి మీద కోడికూర, కొండంత అన్నం. తిన్న పావుగంటకే పడక.

నిద్రలో లాలాజలం ఊరడం, గుటక వేయడం రెండూ బాగా తగ్గిపోతాయి. అందువల్ల పైకి తన్నుకొచ్చిన ఆమ్లం అన్నవాహికలోనే చాలాసేపు నిలిచిపోతుంది. గుండెల్లో మంటతో ఒంటిగంటకు మెలకువ వచ్చేది, మళ్లీ కళ్లు మూతపడేసరికి లేచే వేళ అయ్యేది. ఆ నిద్ర మత్తు వదలడానికి పగలు నాలుగైదు కప్పుల కడక్ చాయ్ తాగేవాణ్ణి. టీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం తాగినది రాత్రి నిద్రకు, ఆ నిద్రలేమి మర్నాటి టీకి దారి తీసేవి. ఇక పొద్దున్నే మలవిసర్జన సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. పెద్దపేగు రాత్రి నిద్రపోయి, మనం లేచాక, ముఖ్యంగా ఏదైనా తిన్నాక కదులుతుంది. మూడింటికి లేచి ఏమీ తినకుండా, మరుగుదొడ్డి ముందు పదిమంది వెనుక నిలబడి, బస్సు హారన్ వినగానే పరుగెత్తేవాడికి ఆ కదలిక బస్సులో వస్తుంది. దాన్ని రోజూ అణచుకుంటే నెల తిరిగేసరికి మలబద్ధకం స్థిరపడుతుంది. దానిపై ఎండలో చెమట రూపంలో పోయే నీరు ఒకటి. ఇంతటి చిక్కుముడికి గసగసాల పాలు ఏ మూలకు?

నిద్ర గురించి నిపుణులు ఇచ్చే మంచి సలహా ఒకటుంది: పడుకున్న 20 నిమిషాల్లో నిద్ర పట్టకపోతే లేచి వేరే గదిలోకి వెళ్లండి, మంచాన్ని నిద్రకే వాడండి. మాత్రల కన్నా ముందు ప్రయత్నించవలసినది ఈ పద్ధతేనని వైద్యులు కూడా అంటారు. కానీ అద్దెకు బెడ్ స్పేస్, అంటే నలుగురుండే గదిలో ఒక్క మంచం మాత్రమే, తీసుకున్నవాడికి వేరే గది ఎక్కడుంటుంది? వాడికి ఆ మంచమే భోజనాల బల్ల, అదే దేవుడి గూడు, అదే ఇంటితో మాట్లాడే చోటు. మా గదిలో ఒక కేరళ పెద్దాయన నాకు నేర్పిన కిటుకు చెబుతాను: తల దిండువైపు ఉన్నప్పుడు నిద్ర తప్ప మరో పని చేయకూడదు, తినడం, ఫోన్ చూడడం, ఉత్తరాలు రాయడం అన్నీ కాళ్లవైపు తిరిగి కూర్చుని చేయాలి. నవ్వులాటగా మొదలుపెట్టాను, నెల రోజుల్లో ఫలితం కనిపించింది. అలాగే గుండెల్లో మంట ఉన్నవారు మంచం తలవైపు కోళ్ల కింద ఆరేడు అంగుళాల ఎత్తు పెట్టాలంటారు. రెండంతస్తుల ఇనుప మంచానికి అది ప్రమాదం. దాని బదులు పరుపు కింద నడుము దగ్గర నుంచి తలదాకా మడతపెట్టిన దుప్పట్లతో వాలుగా ఎత్తు చేసుకోవచ్చు. రెండు దిండ్లు పేర్చుకుంటే మెడ మాత్రమే వంగి, పొట్ట నొక్కుకుంటుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం ఏ మంచం మీదైనా సాధ్యమే.

తిండిని తలకిందులు చేసుకోవడం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. పెద్ద భోజనం మధ్యాహ్నపు విరామంలో, రాత్రికి 7 గంటలలోపు ఒకటో రెండో ఖుబుజ్ (అరబ్బుల రొట్టె), పప్పు, ఆపైన లబన్. లబన్ అంటే మన మజ్జిగకు తోబుట్టువే, గల్ఫ్‌లో ఏ బకాలాలోనైనా, అంటే చిల్లర కొట్టులోనైనా, చవకగా దొరుకుతుంది. పాలు పడని కడుపు కూడా దాన్ని చాలావరకు ఓర్చుకుంటుంది. రంజాన్ నెలలో మాత్రం ఊరు ఊరంతా రాత్రి మేలుకుంటుంది కాబట్టి ఈ క్రమం ఎంతో కొంత చెడిపోతుంది.

ఇక మందుల సంగతి. సెలవుకు వచ్చినవాడు తిరిగి వెళ్లేటప్పుడు మందుల దుకాణంలో గ్యాస్ మాత్రలు ఏడాదికి సరిపడా కొనుక్కుపోవడం మనకు ఆనవాయితీ అయిపోయింది. వైద్యుడి పర్యవేక్షణ లేకుండా వీటిని ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గే ప్రమాదముంది. నాకు అరికాళ్లు తిమ్మిరెక్కి, పరీక్ష చేయించుకుంటే గానీ ఆ సంగతి బయటపడలేదు. పోనీ ఒక్కసారిగా మానేద్దామంటే, అణచిపెట్టిన ఆమ్లం కొన్నాళ్లు రెట్టింపుగా ఎగదన్నుతుంది, మాత్ర లేకపోతే బతకలేమన్న భ్రమ కలుగుతుంది. వైద్యుడు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకోవాలి. నిద్రమాత్రలది ఇంకో గండం. అల్ప్రాజోలం, క్లోనజెపామ్ వంటివీ, కొన్ని నొప్పి మాత్రలూ గల్ఫ్ దేశాల్లో నియంత్రిత మందులు. వైద్యుడి చీటీ ఉన్నా సరే, యూఏఈకి తీసుకెళ్లాలంటే ప్రయాణానికి ముందే ఆ దేశ ఆరోగ్యశాఖ నుంచి ఆన్‌లైన్‌లో అనుమతి పొందాలి. పక్కింటివారి కోసం మోసుకెళ్లడం అసలే వద్దు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా నొక్కి చెప్పదలచుకున్నది సెలవుల లెక్క. కడుపులో పుండ్లకు ఒక ముఖ్య కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. దాన్ని కనిపెట్టిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. ఎవరూ నమ్మకపోతే మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకుని మరీ చూపించాడు. దీన్ని శ్వాస పరీక్షతోనో మల పరీక్షతోనో పట్టుకోవచ్చు. అయితే పరీక్షకు రెండు వారాల ముందు నుంచి గ్యాస్ మాత్ర ఆపి ఉండాలి, లేకుంటే క్రిమి ఉన్నా లేదని వస్తుంది. ఉందని తేలితే వైద్యం సాధారణంగా 14 రోజులు. అది పోయిందో లేదో తేల్చే పరీక్షకు మందులు పూర్తయ్యాక కనీసం నాలుగు వారాలు ఆగాలి. ఇవన్నీ కూడితే 8 వారాలు. సౌదీ కార్మిక చట్టం ప్రకారం ఏడాదికి కనీస సెలవు 21 రోజులు, ఐదేళ్లు నిండితే 30. ఆ ముప్పై రోజుల్లో పెళ్లిళ్లు, భూమి తగాదాలు, తిరుపతి మొక్కు అన్నీ ముగించుకుని, విమానానికి నాలుగు రోజుల ముందు ఆసుపత్రికి వెళ్లి, మాత్ర మింగుతూనే పరీక్ష చేయించుకుని, ఏమీ లేదన్న కాగితంతో తిరిగి వెళ్లినవారిలో నేనూ ఒకణ్ణి. చేయవలసింది దీనికి తలకిందులు: అక్కడి వైద్యుణ్ణి అడిగి సెలవుకు రెండు వారాల ముందే మాత్ర ఆపి, హైదరాబాద్‌లో దిగిన మర్నాడే పరీక్ష చేయించుకుని, ఇంట్లో ఉండగానే మందులు పూర్తి చేసి, చివరి పరీక్ష తిరిగి వెళ్లాక యజమాని ఇచ్చిన బీమా కార్డు మీద చేయించుకోవాలి. సౌదీలో ప్రైవేటు ఉద్యోగికి ఆరోగ్య బీమా కల్పించడం యజమాని బాధ్యత. భాష రాదన్న బెరుకుతో ఆ కార్డును పర్సులోనే అరగదీసేవారు ఎక్కువ. నేను చూసినంతవరకు క్లినిక్‌లలో హిందీతో పని జరిగిపోతుంది.

మరొక్క విషయం. బరువు తగ్గడం, మలం నల్లగా రావడం, ముద్ద దిగకపోవడం, విరేచనం కోసం నిద్రలోంచి లేవవలసి రావడం వంటివి ఉంటే సెలవు దాకా ఆగకూడదు. ఛాతీ నొప్పి వస్తే అసలే ఆగకూడదు. మా గదిలో జగిత్యాల వైపు మనిషి ఒకాయన, ఒక రాత్రి ఛాతీ పట్టేసి చెమటలు పోస్తుంటే గ్యాస్ అనుకుని, సోడా పొడి నీళ్లలో కలుపుకుని తాగి పడుకున్నాడు. మేమూ గ్యాస్ అనే అనుకున్నాం. తెల్లారి బస్సుకు లేపబోతే లేవలేదు. సౌదీలో అంబులెన్స్‌కు 997, యూఏఈలో 998 అని అప్పుడు ఆ గదిలో ఉన్న ఆరుగురిలో ఒక్కరికీ తెలియదు.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులది వేరే కథ. షికాగో సమయానికీ మనకూ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు తేడా. గంటకు ఒక రోజు చొప్పున శరీరం సర్దుకుంటుందని ఒక మోటు లెక్క. అందాకా అక్కడి వేళకే తిని, పగలు ఆరుబయట తిరగడం తప్ప వేరే మార్గం లేదు.

హైదరాబాద్ నుంచి విదేశాలకు వెళ్లే కార్మికులకు ఇచ్చే ప్రయాణపూర్వ శిక్షణలో ఈ విషయాలకు ఒక గంట కేటాయించాలని అధికారులను కోరుతున్నాను. మీకు చేసే విన్నపం ఇంకా చిన్నది. చిట్కా వేసిన ఆరోగ్యం పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో, గసగసాలు గల్ఫ్‌కు తీసుకెళ్లకూడదని వచ్చే ఆదివారం ఒక సవరణ ప్రచురించండి. మా మేనల్లుడి విమానం గురువారం. వాడి పొట్లం మా వంటింట్లో ఆగిపోయింది కానీ, ఆ చిట్కా చదివి పెట్టె సర్దుతున్న మిగతా ఇళ్లలో నాబోటివాడు ఉన్నాడో లేడో.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తార్నాక, హైదరాబాద్.