క్వాచాల్లో కరిగిపోయిన బిల్లు: హైదరాబాద్ హెడ్ ఆఫీసుకు ఒక ఫిర్యాదు

కిట్వే, కాపర్‌బెల్ట్ ప్రావిన్స్, జాంబియా
22 జనవరి 2024

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
హెడ్ ఆఫీసు, హైదరాబాద్.

విషయం: 2023 జూన్‌లో చేసిన హోస్, సిలిండర్ రిపేర్లకు 4,20,000 క్వాచాల (జాంబియా కరెన్సీ) బిల్లు ఇంకా చెల్లించకపోవడం, డ్రైవర్ల పెన్షన్ సొమ్ము కట్టకపోవడం, కాంపౌండ్ (ఇక్కడి జనం ఉండే వాడ) రోడ్డు గురించి.

అయ్యా,

మీ కిట్వే సైట్ ఆఫీసుకు ఇంగ్లీషులో మూడు ఉత్తరాలు ఇచ్చాను. రాజధాని లుసాకాలోని మీ ఆఫీసుకు రెండు మెయిళ్లు పెట్టాను. అన్నిటికీ కలిపి వచ్చిన జవాబు ఒక్కటే మాట: ‘నోటెడ్’. నోట్ చేసుకోవడానికే ఏడు నెలలు పడుతుందని నాకు తెలియదు. తెలుగులో రాస్తే, ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి వదిలేయకుండా మీరే చదువుతారేమోనని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది గోదావరిఖని. మా నాన్న 32 ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను 2012లో ఫిట్టర్‌గా ఇక్కడికి వచ్చాను. ఐదేళ్ల తర్వాత సొంతంగా హైడ్రాలిక్ రిపేరు షాపు పెట్టుకున్నాను. తొమ్మిది మంది పనిచేస్తారు. ఎనిమిది మంది ఇక్కడివాళ్లే, ఒక్కడు మంచిర్యాల కుర్రాడు. మట్టి తోడే కాంట్రాక్టు మీద మీ డంపర్లు, ఎక్స్‌కవేటర్లు నడిచే రాగి గనికి మా షాపు పది నిమిషాల దూరం. హోస్ పగిలి రాత్రి రెండింటికి ఫోన్ చేసినా మేమే వచ్చి బిగించాం. మిషన్ ఆగితే గంటకు ఎంత నష్టమో మీ సైట్ మేనేజర్ గారే ఫోన్‌లో అరిచి చెప్పేవారు కాబట్టి నాకు బాగా గుర్తుంది.

జూన్ పని మొత్తానికి బిల్లు 4,20,000 క్వాచాలు. పర్చేజ్ ఆర్డర్‌లో 30 రోజుల్లో చెల్లింపు అని ఉంది. నెలాఖరున బిల్లు ఇచ్చాను. అప్పుడే పారిస్‌లో జాంబియా అప్పుల ఒప్పందం కుదిరిందని వార్త వచ్చి క్వాచా బలపడింది. డాలరు 17.5 క్వాచాల దగ్గర ఉండేది. అంటే నా బిల్లు 24 వేల డాలర్లు. హోసులు, సీల్ కిట్లు నేను జోహన్నెస్‌బర్గ్ నుంచి డాలర్ల మీద అరువు తెచ్చుకుంటాను. ఇవాళ డాలరు 26 దాటింది. మీరు రేపు పైసా తగ్గకుండా ఆ 4,20,000 ఇచ్చినా నా చేతికొచ్చేది 16 వేల డాలర్ల విలువే. మిగతా 8 వేలు ఎవరూ దొంగిలించలేదు, ఎవరూ ఎగ్గొట్టలేదు. మీ అకౌంట్స్ టేబుల్ మీద ఉన్నచోటే ఆవిరైపోయాయి.

ఇందులో నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. గని కంపెనీ మీకు టన్నుకు ఇచ్చే రేటు డాలర్లలో ఉందని మీ స్టోర్స్ ఆఫీసరే టీ తాగుతూ చెప్పాడు. క్వాచా పడితే మీకు నష్టం లేదు. పైగా మాకు ఎంత ఆలస్యంగా ఇస్తే మీకు అంత చవక. ఇది కావాలని చేస్తున్నారని అనను. కానీ ఆలస్యం చేసినవాడికి లాభం వచ్చే లెక్క ఒకటి ఉన్నప్పుడు, ఫైలు ఎందుకు కదలదో వేరే కారణం వెతకక్కర్లేదు.

డిసెంబర్‌లో మీ సైట్ మేనేజర్ గారిని కలిస్తే, “ఈ ప్రాజెక్టులో లాభమే లేదు, రెండేళ్లుగా నష్టాలే” అన్నారు. ఆ మాట వినగానే మా షాపులో లేత్ మీద పనిచేసే పెద్దాయన నవ్వాడు. ఇక్కడివాళ్లు ‘మదాలా’ అని పిలుస్తారు, మన ‘పెద్దాయన’ లాంటి మాటే. ఆయన ఇంగ్లీషులో అన్నది తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: “గనులకు ఎప్పుడూ నష్టమే. ఆ నష్టం కోసం ఎంత దూరం నుంచి వస్తారో!”

ఆయన ప్రభుత్వ గని కంపెనీ రోజుల్లో అప్రెంటిస్‌గా చేరినవాడు. ఇల్లు, ఆసుపత్రి, బడి, ఫుట్‌బాల్ గ్రౌండు, వీధి ఊడ్చడం అన్నీ గనే చూసేది. చంటిపిల్లల గుడ్డలు కూడా ఇచ్చేవారట. అది ఎప్పటికీ నడిచే లెక్క కాదని ఆయనకీ తెలుసు. రాగి ధర పడిపోయింది, అప్పులు పెరిగాయి, 1997 నుంచి 2000 మధ్యలో గనులను ముక్కలు చేసి అమ్మారు. కొన్నవాళ్లతో చేసుకున్న ఒప్పందాల్లో రాయల్టీ, అంటే తీసిన ఖనిజం విలువలో ప్రభుత్వానికి కట్టే వాటా, 0.6 శాతం. నూటికి అర్ధ రూపాయి కంటే పది పైసలు ఎక్కువ. 2003లో టన్ను 2 వేల డాలర్లలోపు ఉన్న రాగి 2006లో 8 వేలు దాటింది. ఆ పండగంతా ఈ ఊళ్లోవాళ్లు గేటు బయట నిలబడి చూశారు. 2008లో ప్రభుత్వం ఆ ఒప్పందాలను పక్కనబెట్టి రాయల్టీ 3 శాతం చేసింది, ధర బాగా పెరిగినప్పుడు అదనంగా వేసే విండ్‌ఫాల్ పన్ను కూడా తెచ్చింది. ధర పడగానే కంపెనీలు గగ్గోలు పెడితే 2009లో ఆ పన్ను ఎత్తేశారు. ఇక స్విట్జర్లాండ్‌లోని సొంత గ్రూపు కంపెనీకే తక్కువ ధరకు రాగి అమ్మి ఇక్కడ లాభం తగ్గించి చూపించారన్న కేసొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2020లో కోర్టు పన్నుల శాఖ పక్షాన తీర్పు ఇచ్చింది. అందుకే ‘లాభం లేదు’ అంటే ఇక్కడ ఎవరూ జాలిపడరు. ఏ దేశపు ఖాతాలో లేదు అని అడుగుతారు.

1969లో ఈ దేశం దాదాపు 7 లక్షల 20 వేల టన్నుల రాగి తీసింది. నిరుడు తీసింది కూడా దాదాపు 7 లక్షల టన్నులే. ఎగుమతుల మీద వచ్చే సొమ్ములో దాదాపు 70 శాతం ఇప్పటికీ రాగిదే. అయినా 2022 సర్వే ప్రకారం నూటికి 60 మంది పేదరికంలో ఉన్నారు. పల్లెల్లో అయితే 78.8 శాతం. మీ ప్రాజెక్టు ప్రజెంటేషన్‌లో టన్నులు ఉంటాయి, ఈ అంకెలు ఉండవు.

మీరు గని యజమాని కాదు, మట్టి తోడే కాంట్రాక్టరు మాత్రమే. ఆ పాపమంతా మీ నెత్తిన పెట్టడం లేదు. కానీ పెద్ద కంపెనీలు దేశానికి చేసిన పనే మీరు నా షాపుకు చేస్తున్నారు. రాబడి డాలర్లలో బయటికి పోతుంది, రిస్కు క్వాచాల్లో ఇక్కడే ఉండిపోతుంది.

నా సంగతి పక్కనబెట్టండి, మీ డ్రైవరు ఒకతని సంగతి వినండి. ఇక్కడ మన పీఎఫ్ లాంటిది నాప్సా. జీతంలో 5 శాతం కోస్తారు, కంపెనీ ఇంకో 5 శాతం కలిపి కట్టాలి. రిటైర్ కాకముందే అందులో 20 శాతం తీసుకోవచ్చని నిరుడు ఏప్రిల్‌లో కొత్తగా అవకాశం ఇచ్చారు. అతను ఇంటిమీద రేకులు వేయించుకుందామని వెళ్లాడు. అతని వయసువాళ్లకు 60 నెలలు కట్టి ఉండాలని నిబంధన. అతనిది 56 దగ్గర ఆగింది. మీ దగ్గర పనిచేసిన ఏడు నెలలు పేస్లిప్‌లో కోత ఉంది, నాప్సా ఖాతాలో జమ లేదు. ఆ పేస్లిప్‌లు నేను చూశాను. నా బిల్లు ఆలస్యమైతే వ్యాపారంలో ఒడిదుడుకులని సర్దుకుంటాను. కూలివాడి జీతంలో కోసిన డబ్బు కట్టకపోవడాన్ని ఏమనాలో మీరే చెప్పండి. ఇలాంటివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో మీ హెచ్ఆర్ లెడ్జర్ తీస్తే పది నిమిషాల్లో తేలుతుంది.

రోడ్డు గురించి క్లుప్తంగా. ఓబీ డంపుకు, అంటే గని పైమట్టి పోసే చోటికి, దగ్గరి దారి అని మీ లారీలు కాంపౌండ్ మధ్యలోంచి పోతున్నాయి. రోజుకు రెండుసార్లు ట్యాంకరుతో నీళ్లు చల్లుతామని ఆగస్టు మీటింగులో అందరి ముందు ఒప్పుకున్నారు. గని కంపెనీ వాళ్లు విజిట్‌కి వచ్చిన రోజున మాత్రం చల్లారు. అక్టోబర్ దాకా దుమ్ము, ఇప్పుడు వానలకు గుంతలు, బురద. కలరా వల్ల ఈ నెల స్కూళ్లు తెరవలేదు, పిల్లలంతా ఆ రోడ్డు మీదే ఆడుకుంటున్నారు. ట్యాంకరు సంగతి తర్వాత చూద్దాం, ముందు స్కూళ్లు తెరిచేదాకా లారీలను పాత దారిలో తిప్పమనండి. నాలుగు కిలోమీటర్ల డీజిల్ ఎక్కువవుతుంది, అంతే.

సింగరేణిలో అంతా బాగుందని నేను చెప్పను. ఓపెన్‌కాస్టులు వచ్చాక బ్లాస్టింగ్‌కి గోడలు బీటలు వారిన ఇళ్లలో మా మేనత్తది ఒకటి. లాభాల వాటాలో కాంట్రాక్టు కార్మికులకు నిరుటిదాకా ఏమీ రాలేదు, అదీ నిజమే. కానీ దసరా వస్తే బాయి లాభంలో ఎంత శాతం కార్మికులకు ఇస్తారని గోదావరిఖని టీ కొట్టు దగ్గర కూడా వాదన నడుస్తుంది. నిరుడు 32 శాతం, 711 కోట్లు. శాతం చాలదని కొట్లాడొచ్చు. కానీ లాభం ఎంతో అందరికీ తెలుసు. గని కంపెనీలు కట్టే సొమ్మును ఆ గని ప్రాంతాలకే ఖర్చు పెట్టాలని జిల్లా మినరల్ ఫౌండేషన్ అని 2015 నుంచి చట్టం ఉంది. ఆ డబ్బుతో వేయాల్సిన రోడ్డు వేయకపోతే అడగడానికి ఒక ఆఫీసు ఉంది. జాంబియాలో కూడా రాయల్టీలో గని ప్రాంతాలకు వాటా ఇవ్వాలని 2008 చట్టంలో రాసుకున్నారు, అమలు కాలేదు. మీరు ఓబీ కాంట్రాక్టుల్లోనే పెరిగినవాళ్లు. అక్కడ లేబర్ ఆఫీసుకు భయపడి నెల తిరగకుండా పీఎఫ్ కట్టిన కంపెనీ, ఇక్కడికి వచ్చేసరికి ఎందుకు మారిపోయింది?

ఇంకొక మాట, కోపంతో కాదు. ఇక్కడ భారతీయులందరినీ ‘మ్వేన్యే’ అంటారు. మీరైనా నేనైనా ఒకటే మ్వేన్యే. 40 కోట్ల డాలర్లు అడిగిన గనిని రెండున్నర కోట్లకు బేరమాడానని ఒక భారతీయ గని యజమాని బెంగళూరు సభలో చెప్పిన వీడియో 2014లో బయటపడినప్పుడు నేను కొత్తగా వచ్చినవాణ్ణి. నాకూ ఆ గనికీ ఏ సంబంధమూ లేదు. అయినా మార్కెట్లో టమాటాలు అమ్మే ఆవిడ నన్ను అడిగింది, మీవాళ్లు ఎందుకలా చేశారని. ఇప్పుడు మీ డ్రైవర్లు నా షాపుకొచ్చి అడుగుతున్నారు. మీరు హైదరాబాద్‌లో ఉంటారు, జవాబు చెప్పాల్సింది నేను.

ఇక నేను అడిగేది. 4,20,000 క్వాచాలు ఫిబ్రవరి 15 లోపు ఖాతాలో పడాలి. ఆ 24 వేల డాలర్లకు ఇవాళ్టి రేటు ప్రకారం 6,30,000 ఇవ్వాలని పర్చేజ్ ఆర్డర్‌లో లేదు, అది దబాయించి అడగలేనని నాకు తెలుసు. న్యాయం అనిపిస్తే తేడాలో సగమైనా భరించండి. ఇకమీదటి ఆర్డర్లలో 30 రోజులు దాటితే బిల్లు తేదీ నాటి డాలరు విలువ వర్తిస్తుందని ఒక వాక్యం చేర్చండి, లేకపోతే కొత్త పని తీసుకోను. నాప్సా బకాయిలు పెనాల్టీతో సహా కట్టి, రసీదులు సైట్ నోటీసు బోర్డు మీద పెట్టించండి. ఆ తేదీకల్లా కదలిక లేకపోతే డ్రైవర్లు నాప్సా ఆఫీసుకూ లేబర్ ఆఫీసుకూ వెళ్తారు. వాళ్ల దరఖాస్తులు రాసిపెట్టేది నేనే, ఈ మాట దాచడం నాకిష్టం లేదు.

బిల్లులు, పర్చేజ్ ఆర్డర్లు, మీ సైట్ ఇంజనీరు సంతకం చేసిన జాబ్ కార్డులు, ఆగస్టు మీటింగ్ మినిట్స్ నకళ్లు దీనితో పంపుతున్నాను. పేస్లిప్‌లు పంపడం లేదు. అతని ఉద్యోగం పోతుంది.

మీ డంపర్ల సిలిండర్లు మూడు మా షాపులో ఉన్నాయి. రెండు రిపేరు అయిపోయాయి, గేట్ పాస్ పంపితే పాత బిల్లుతో ముడిపెట్టకుండా ఇచ్చేస్తాను. మూడోదానికి సీల్ కిట్ రాలేదు. జోహన్నెస్‌బర్గ్ వాడు పాత బాకీ తీర్చందే పంపనంటున్నాడు.

ఇట్లు,
మీ సప్లయరు,
హైడ్రాలిక్ రిపేరు షాపు, కిట్వే