ముహూర్తం పెట్టింది వాళ్లే, రద్దీ మాత్రం అనుకోనిదా?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

కొత్త ఫోన్లు, ట్యాబ్లెట్లు, గేమ్ కన్సోళ్లు విడుదలయ్యే రోజున, సరిగ్గా అమ్మకం మొదలయ్యే నిమిషానికే ఆన్‌లైన్ దుకాణాలు చతికిలబడటం మామూలైపోయింది. దానివల్ల కొనుగోలుదారులు పడుతున్న అవస్థను మీ పత్రిక ద్వారా నలుగురి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. మాది మదనపల్లె. పద్దెనిమిదేళ్లుగా బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటూ ఒక ప్రైవేటు సంస్థ లెక్కల విభాగంలో పనిచేస్తున్నాను.

మా అమ్మాయి ఆర్కిటెక్చర్ రెండో సంవత్సరం చదువుతోంది. గీతలు గీసుకోవడానికి పెన్నుతో పనిచేసే ట్యాబ్లెట్ ఒకటి అవసరమైంది. ఆ మోడల్ ధర 46,999 రూపాయలు కాగా, విడుదల రోజున కొన్నవాళ్లకు మాత్రం 5,000 తగ్గిస్తామని, మధ్యాహ్నం 12 గంటలకు అమ్మకం మొదలవుతుందని ఒక దుకాణం పదిహేను రోజుల ముందు నుంచీ ప్రకటనలు ఇచ్చింది. "నాకు తెలియజేయండి" అనే మీట కూడా పెట్టింది. నేను నొక్కాను, మా అమ్మాయి నొక్కింది, మదనపల్లెలో ఉన్న మా తమ్ముడు కూడా నొక్కాడు. ఆ రోజు సగం పూట సెలవు పెట్టి, నేను ఫోనులో, అమ్మాయి ల్యాప్‌టాప్‌లో, తమ్ముడు తన ఫోనులో పన్నెండుకు ముందే సిద్ధంగా కూర్చున్నాం.

పన్నెండు కాగానే బూడిద రంగులో ఉన్న "కొనండి" మీట నారింజ రంగులోకి మారింది. నొక్కితే చక్రం తిరగడం మొదలైంది, ఆ తర్వాత తెల్లని పేజీ, ఆ తర్వాత "ఏదో పొరపాటు జరిగింది, మళ్లీ ప్రయత్నించండి" అనే మాట. "అక్కా, నాకైతే తెల్ల తెర తప్ప ఏమీ కనిపించడం లేదు" అని తమ్ముడు ఫోను చేశాడు. 12.07కు నా కార్టులోకి ట్యాబ్లెట్ చేరింది. చిరునామా పేజీ దాకా వెళ్లాక మళ్లీ లాగిన్ చెయ్యమంది, ఓటీపీ నాలుగు నిమిషాలకు వచ్చింది. 12.16కు యూపీఐ పిన్ కొట్టాను. నా ఖాతా నుంచి 41,999 రూపాయలు తగ్గినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చింది, దుకాణం పేజీ మాత్రం చెల్లింపు విఫలమైంది, మరోసారి ప్రయత్నించండి అంది. ఆ మాట నమ్మి మరోసారి కొట్టాను. మరో 41,999 పోయింది. 12.23కు "స్టాకు లేదు" అని వచ్చింది. "అమ్మా, అయిపోయాయంట" అని మా అమ్మాయి ల్యాప్‌టాప్ మూసేసింది. ఏడు నిమిషాల్లో 83,998 రూపాయలు ఖాతాలోంచి పోయాయి, ఒక్క ఆర్డరూ పడలేదు. ఆ నెల ఇంటి అద్దె, కాలేజీ బస్సు ఫీజు రెండూ ఆ ఖాతాలోంచే కట్టాలి. మొదటి మొత్తం నాలుగో రోజున వెనక్కి వచ్చింది. రెండోదాని కోసం పదకొండు రోజులు, ఆరు ఫోన్లు, మూడు ఈమెయిళ్లు పట్టాయి. ఆ వారంలోనే ఇక్కడ ఎలక్ట్రానిక్స్ దుకాణాలు ఎక్కువగా ఉండే సాదర్ పత్రప్ప రోడ్డుకు వెళ్తే, అదే ట్యాబ్లెట్ సీలు తీయని పెట్టెలో, అసలు ధర మీద నాలుగు వేలు ఎక్కువకు దొరుకుతోంది.

దుకాణం కస్టమర్ కేర్ వారు ప్రతిసారీ చెప్పిన కారణం ఒక్కటే, "అనూహ్యమైన రద్దీ". నా అభ్యంతరమంతా ఈ మాట మీదే. పండగ రోజున బస్టాండుకు జనం ఎంతమంది వస్తారో ముందుగా చెప్పడం ఎవరికైనా కష్టమే. ఇక్కడ అలా కాదు. తేదీ, గంట, నిమిషం దుకాణమే నిర్ణయించింది, జనాన్ని ఆ నిమిషానికే రమ్మని పిలిచింది, వస్తామన్నవాళ్ల లెక్క "నాకు తెలియజేయండి" మీట ద్వారా దాని దగ్గరే ఉంది, గోదాములో ఎన్ని పెట్టెలు ఉన్నాయో కూడా దానికే తెలుసు. ఈ నాలుగూ చేతిలో ఉన్నవాళ్లు రద్దీని అనూహ్యం అనడం న్యాయం కాదు.

మా పై అంతస్తులో ఇలాంటి వ్యవస్థల మీదే పనిచేసే ఇంజినీరు ఒకరు ఉన్నారు. ఆయన వివరించాక కారణం నాకు కొంత అర్థమైంది. సరుకు ఎంత మిగిలిందన్న అంకె ఒకచోట ఉంటుంది. వేలమంది ఒకే క్షణంలో ఆ ఒక్క అంకెను తగ్గించడానికి వస్తే ఒకరి పని పూర్తయ్యేదాకా మరొకరు ఆగాలి, అందువల్ల పేజీ నెమ్మదిస్తుంది. నెమ్మదించగానే మనం రిఫ్రెష్ కొడతాం. ప్రతి రిఫ్రెష్ కొత్త అభ్యర్థనే కాబట్టి భారం ఇంకా పెరుగుతుంది. డబ్బు సంగతి వేరు. బ్యాంకు తన పని తాను చేసి సొమ్ము తీసేస్తుంది, "అందింది" అన్న కబురు మాత్రం ఊపిరాడని దుకాణం సర్వరుకు సకాలంలో చేరదు. కార్టులో పడినంత మాత్రాన వస్తువు మనకోసం పక్కన పెట్టినట్టు కాదని కూడా అప్పుడే తెలిసింది. లెక్కల్లో ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లింపు పడితే నేను సాయంత్రం లోపల పట్టుకుని సరిచేయాలి, లేకపోతే ఇంటికి వెళ్లనివ్వరు. ఒకే ఆర్డరుకు రెండో చెల్లింపు వస్తే గుర్తుపట్టి ఆపే పద్ధతి సాఫ్ట్‌వేరులోనూ ఉందట, పెట్టుకోవాలంతే.

ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య కాదు. ఈ నగరం కేంద్రంగా నడిచే ఫ్లిప్‌కార్ట్ 2014 అక్టోబరు 6న బిగ్ బిలియన్ డే పేరుతో తొలి భారీ తగ్గింపు అమ్మకం జరిపినప్పుడు సైటు మొరాయించింది. మర్నాడు వ్యవస్థాపకులు సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ కొనుగోలుదారులకు క్షమాపణ లేఖ రాశారు. దాదాపు 5,000 సర్వర్లు సిద్ధం చేసుకున్నా, మామూలుకన్నా 20 రెట్ల రద్దీకి ఏర్పాట్లు చేసినా చాలలేదని అందులో ఒప్పుకున్నారు. సర్వర్లు పెంచుకుంటూ పోవడం ఒక్కటే పరిష్కారం కాదని ఆ రోజే తేలింది. అమ్మే పద్ధతి మారాలి.

మారడం సాధ్యమేనని మన తెలుగువాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. తిరుమల శ్రీవారి ఆర్జిత సేవా టికెట్లలో కొన్నింటికి దేవస్థానం ఎలక్ట్రానిక్ డిప్ పెడుతుంది. నమోదుకు రోజుల గడువు ఉంటుంది, ఆ గడువులో ఎప్పుడు నమోదు చేసుకున్నా అవకాశం ఒక్కటే, తర్వాత డ్రా తీసి పేర్లు చెబుతారు. దొరకనివాళ్లకు బాధ ఉండవచ్చు గానీ, వేగమైన ఇంటర్నెట్ ఉన్నవాడికే దొరికిందన్న బాధ ఉండదు. మా అమ్మ సుప్రభాత సేవ కోసం ఎన్నిసార్లు నమోదు చేసుకుందో లెక్కలేదు, ఒక్కసారి కూడా రాలేదు, అయినా ఆ పద్ధతిని ఏనాడూ తప్పుపట్టలేదు. 2025 ఏప్రిల్‌లో నింటెండో సంస్థ జపాన్‌లో తన స్విచ్ 2 గేమ్ కన్సోల్‌కు ఇలాగే లాటరీ పెట్టింది. దాదాపు 22 లక్షల మంది దరఖాస్తు చేశారని, వారిలో చాలామందికి మొదటి విడతలో రాదని సంస్థ అధ్యక్షుడు షుంతారో ఫురుకావా ఫలితాలకు ముందే బహిరంగంగా చెప్పి క్షమించమని కోరారు. ఎంతమంది అడిగారో చెప్పడం, చాలదని ముందే ఒప్పుకోవడం, ఈ రెండూ మన దుకాణాలు ఎందుకు చేయకూడదు?

లాటరీ ఇష్టం లేకపోతే వరుస పెట్టవచ్చు. వచ్చినవాళ్లకు వచ్చిన క్రమంలో అంకె ఇచ్చి, ముందు ఎంతమంది ఉన్నారో చూపించి, వంతు వచ్చినవాళ్లకు పది నిమిషాల పాటు ఆ వస్తువును పక్కన పెట్టి, అప్పుడు డబ్బు కట్టమనాలి. సరుకు అయిపోతే వరుసలో మిగిలినవాళ్లకు వెంటనే చెప్పేయాలి.

అమ్మకానికి ఎన్ని ఉన్నాయో ప్రకటించడం మరీ ముఖ్యం. "త్వరపడండి, కొన్నే మిగిలాయి" అనే వాక్యం నాకు 12.01 నుంచి 12.22 దాకా మారకుండా కనిపించింది. కేంద్ర వినియోగదారుల సంరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో పేర్కొన్న 13 మోసపు పద్ధతుల్లో మొట్టమొదటిది లేని తొందర కల్పించడమే. అంకె బయటపెట్టనంత కాలం ఆ తొందర నిజమైనదో కాదో కొనుగోలుదారుకు తెలిసే దారి లేదు. 2020 నాటి ఇ-కామర్స్ నిబంధనలు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలని, నెలలోపు పరిష్కరించాలని అంటున్నాయి. అదంతా జరిగిపోయాక చేసే పని. ముందే ముహూర్తం ప్రకటించి అమ్మేవాళ్లు స్టాకు అంకెను, వరుస పద్ధతిని కూడా అమ్మకానికి ముందే ప్రకటించాలని, సైటు ఆగిపోతే ఆ రోజు తగ్గింపును మరో రోజుకు పొడిగించాలని ఆ నిబంధనల్లో చేర్చవలసిందిగా కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖను కోరుతున్నాను.

చివరగా, నాలాగే డబ్బు చిక్కుకున్న పాఠకుల కోసం ఒక మాట. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం ప్రకారం, దుకాణానికి యూపీఐ ద్వారా కట్టిన డబ్బు ఖాతాలో తగ్గి, ఆ చెల్లింపు ధ్రువీకరణ దుకాణానికి అందకపోతే, లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా అది దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైన ప్రతి రోజుకు 100 రూపాయల పరిహారం, ఖాతాదారు అడగకపోయినా, జమ చేయాలి. నా రెండో మొత్తం పదకొండో రోజున వచ్చినప్పుడు పరిహారం రాలేదు. ఆదేశం తేదీ రాసి, రెండు మెసేజ్‌ల ప్రతులు జతచేసి బ్యాంకుకు లేఖ ఇచ్చాక, ఆలస్యమైన ఆరు రోజులకు గాను 600 రూపాయలు జమ చేశారు. ఆ రోజు డబ్బు పోయినవాళ్లు బ్యాంకు మెసేజ్‌లు చెరిపేయకుండా దాచుకుని ఇలాగే రాయాలని, బ్యాంకు గానీ దుకాణం గానీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయాలని మనవి.

ఇట్లు,
భవదీయురాలు,
మీ పాఠకురాలు,
కృష్ణరాజపురం, బెంగళూరు.